బాలింత వెల్లుల్లి ముద్ద

అది పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, కార్తీకమాసం. పొద్దున్నే టీ నీళ్లు మరగకముందే ప్రైవేటు డిటెక్టివ్ రామచంద్రం గది తలుపు దబదబమంది. అసిస్టెంటు బుల్లిబాబు గడియ తీశాడు. మూసాపేటలో బాలింతలకూ పసిపిల్లలకూ నీళ్లు పోసే కిష్టమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"సారూ, నేను బాణామతి చేసిన్నంటున్నరు! ఇగ ఈ బస్తీల ఏ తల్లి నా చేతికి బిడ్డనిస్తది?"

రామచంద్రం ఆమెకు మంచినీళ్లిచ్చాడు. "జర నిమ్మళంగ చెప్పు. ఎవరన్నరు?"

"బాలాత్రిపురసుందరమ్మ. ఆమె కోడలు పద్మావతికి పాలు మస్తుగున్నయని దీపావళి నాడు నోరు జారిన. ఇగ ఆ తర్వాత నుంచి ఆ పిల్లకు నిద్ర లేదు, చేతులు వణుకుడు, గుండె దడ, ఊకె ఏడుపు. పాలు గూడ తగ్గినయి. నేనే ఏదో చేసిన్నని నల్లా కాడ అందరి ముందు అన్నది."

బుల్లిబాబు మెల్లగా అడిగాడు. "గురువుగారూ, నిజంగా బాణామతేమోనండి?"

"అట్లైతే మన బోర్డు పీకేసి, యాపమండలు పట్టుకొని తిరుగుదం" అన్నాడు రామచంద్రం చెప్పులు తొడుక్కుంటూ.

బాలాత్రిపురసుందరమ్మ ఇంట్లో పూజ అప్పుడే అయింది. తులసికోట దగ్గర దీపాలింకా వెలుగుతున్నాయి. పద్మావతి పాపను ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఆమె వేళ్లు సన్నగా వణకడం బుల్లిబాబుకు కూడా కనిపించింది.

"జ్వరమున్నదా అమ్మా?" అన్నాడు రామచంద్రం.

"లేదండి. ఊరికే భయం. పాపని ఎత్తుకుంటే జారవిడుస్తానేమోనని... నాకు పిచ్చెక్కుతోందేమోనండి."

"ఏం తింటున్నరు?"

జవాబు అత్తగారు చెప్పింది. "మొదట్లో పాలు పడలేదండి. అందుకని రోజూ మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో పెట్టాం. మేం వెల్లుల్లి ముట్టం. బాలింతకి మందు కదా అని ఒప్పుకున్నాను. నాకు వాసన పడదని మా అబ్బాయే రోట్లో దంచేవాడు. మంచినీళ్లు కూడా తను ముంచుకోడు, పెళ్లాం కోసం రోకలి పట్టాడు!"

"ఇప్పుడు దంచుతలేడా?"

"కార్తీకం రాగానే వెల్లుల్లి గుమ్మం తొక్కనివ్వలేదు. మహాదేవుడి నెలండీ!"

పక్కనే ఉన్న కొడుకు యజ్ఞనారాయణ అవసరం లేకుండా దగ్గాడు. పద్మావతి నీరసంగా నవ్వింది. "ఆ కారం చేదుగా ఉండేదండి. వెల్లుల్లికి చేదెక్కడిదా అనుకునేదాన్ని."

రామచంద్రం పెరట్లో బోర్లించిన చిన్న రోలు తిరగేసి చూశాడు. కడిగిన రోలులో ఏమీ లేదు. అయినా అతను నవ్వుకున్నాడు. "పురుడు పోసిన డాక్టరమ్మ ఎవరు?" అని మాత్రం అడిగాడు.

సాయంత్రం దీపాల వేళకు అందరినీ ఆ ఇంటి వసారాలో కూర్చోబెట్టాడు. డాక్టర్ జయలక్ష్మి కూడా వచ్చింది. కిష్టమ్మ మాత్రం మెట్టు దగ్గరే నిలబడింది.

"బాణామతి లేదు, దిష్టీ లేదు" అన్నాడు రామచంద్రం. "పొయ్యి దిక్కు చూడని మనిషి రోజూ రోకలి ఎందుకు పట్టిండు? దంచింది ఒక్క వెల్లుల్లే కాదు గనక. కారం చేదెందుకైంది? అందుల మాత్ర కలిసింది గనక. అవునా, యజ్ఞనారాయణగారూ?"

యజ్ఞనారాయణ తల వంచుకున్నాడు. "మాత్రంటేనే పద్మకి వాంతండి. ఇంగ్లీషు మందంటే అమ్మ ఒప్పుకోదు. పాప ఆకలికేడుస్తుంటే చూడలేక..."

"పాలు పెరగడానికి ఆ మాత్ర నేనే ఇచ్చాను" అంది డాక్టరమ్మ. "కానీ ఆమెకు చెప్పి వెయ్యమన్నాను. ఆపేముందు నాకు కనిపించమన్నాను."

"కార్తీకం వచ్చింది, వెల్లుల్లి ఆగింది. దాన్తోపాటే మాత్ర గూడ ఆగింది. పద్మావతమ్మ బాధ అప్పుడే మొదలైంది" అన్నాడు రామచంద్రం.

"అవును. ఒక్కసారిగా మానేస్తే కొందరికి ఇలాగే నిద్ర పట్టదు, వణుకు, దడ, భయం వస్తాయి. మళ్లీ కొద్దిగా మొదలుపెట్టి మెల్లమెల్లగా తగ్గిద్దాం. ఇది పిచ్చి కాదమ్మా."

పద్మావతి ఒక్కసారిగా ఏడ్చేసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "చెప్పి ఇస్తే కళ్లు మూసుకునైనా మింగేదాన్ని కదండీ!"

"కిష్టమ్మని నేనన్ని మాటలంటుంటే నోరెందుకు విప్పలేదురా?" అంది తల్లి.

"నువ్వు తిడతావని..."

"నా తిట్లకి భయపడి ఒక మనిషిని మంత్రగత్తెని చేస్తావా!"

"ఆ మాట అన్నది మీరమ్మా" అన్నాడు రామచంద్రం నెమ్మదిగా. "అదీ నల్లా కాడ, అందరి ముంగట."

బాలాత్రిపురసుందరి దీపం వత్తి ఎగదోసింది. "నియమం తప్పకూడదనుకున్నాను. ఆ మహాదేవుడి కోసమే కదా మానిపించాను" అని గొణిగింది.

కిష్టమ్మ ఉండబట్టలేకపోయింది. "అమ్మా, గొంతుల ఇసం పెట్టుకున్న సామికి బాలింత తినే ఎల్లిగడ్డ ఒక లెక్కనా?"

డాక్టరమ్మ కిసుక్కున నవ్వింది. పద్మావతి కన్నీళ్లతోనే నవ్వింది. ఆఖరికి అత్తగారికీ నవ్వు ఆగలేదు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందెల వరస ఉండగానే బాలాత్రిపురసుందరి మడి చీరతో, పాపను ఎత్తుకుని వచ్చింది. బస్తీ ఆడవాళ్లంతా అటు తిరిగారు.

"కిష్టమ్మా, తప్పు మాట అన్నాను. అందరూ వినండి, ఆమె ఏ పాపం ఎరగదు. ఇదిగో, నా మనవరాలికి నువ్వే నీళ్లు పొయ్యాలి" అంటూ పాపను చాచింది.

కిష్టమ్మ చేతులు అందుకునేలోగానే పాప మడి చీరను తడిపేసింది.

కిష్టమ్మ పాపను గుండెకు హత్తుకుని, ఆ తడి చీర వైపు చూసింది.

"అమ్మా, ఇది గూడ నా బాణామతేనా?"

బిందెల వరసంతా గొల్లుమంది. రామచంద్రంతో టీ కొట్టు దగ్గర నిలబడి చూస్తున్న బుల్లిబాబు, గురువుగారి కంటే గట్టిగా నవ్వాడు.