ఉలుకుపట్టీ

ఉప్మా మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే వరహాలమ్మ మెడ మీది పట్టీ "కే ఆస్కో" అంది. ఆ ఊరి స్పానిష్‌లో దానికి అర్థం ఛీ, రోత అని. గొంతు మాత్రం అచ్చం వరహాలమ్మదే.

పొయ్యి దగ్గర హేమలత చేతిలో గరిటె ఆగింది.

"అంత రోతగా ఉందా అత్తయ్యా?"

"నానేటన్నానే? నోరే ఇప్పలేదు. ఇదే కూసీసింది."

"మీ నాలుక చెప్పకుండా అదెలా కూస్తుంది?"

ఆ తర్వాత మాట ఆలివ్ నూనె మీదికి మళ్లింది. ఉప్మాలో ఆ నూనె పోసేవాళ్లని భీమిలిలో తానెన్నడూ చూడలేదని అత్తగారు, నువ్వుల నూనె సీసా ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో చూపిస్తే రోజూ దాంతోనే వండుతానని కోడలు. హేమలత భర్త భాస్కరం కాఫీ గ్లాసు పట్టుకుని మెల్లగా వసారాలోకి జారుకున్నాడు.

మాటల్ని అనువదించే చెవిపూసలు వచ్చి అప్పటికి రెండు తరాలయింది. అయినా ఆ రేవు పట్టణం వాళ్లకి బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లంటే మనసు కుదిరేది కాదు. బిడ్డ పుట్టిందని చెబితే వెంటనే ఆహా అనాలి, కాలు విరిగిందంటే వెంటనే అయ్యో అనాలి, అదీ తమలాగే అనాలి. అర క్షణం ఆలస్యమైతే ఎదుటివాడిది రాతిగుండె అనుకునేవారు. అందుకని వలస కార్యాలయం వాళ్లు ఈ పట్టీ పెట్టారు. కాగితాల్లో దాని పేరు భావోద్గారిణి. తెలుగిళ్లలో ఉలుకుపట్టీ. మెడ నరాల కదలికను బట్టి సంతోషమో నొప్పో విసుగో కనిపెట్టి, మనిషి నోరు తెరిచేలోపు ఆ మనిషి గొంతుతోనే స్పానిష్‌లో అనేస్తుంది. రెండు శబ్దాలూ ఢీకొనకుండా అసలు గొంతును ఆ కాస్సేపూ పట్టి ఉంచుతుంది. ఇంటిల్లిపాదీ ఇంట్లోనూ పెట్టుకు తిరిగితేనే శాశ్వత నివాసపు కాగితం ఇస్తారు. హేమలత కుటుంబానికి ఆ గడువు తీరడానికి ఇక మూడు నెలలే మిగిలాయి.

కూతురు తరళకి పద్నాలుగో నెలలో కట్టారు. ఇప్పుడు ఆరేళ్లు. ఏడుపంటే ఎరగని బంగారుకొండ అని చుట్టాలందరూ మెచ్చుకునేవారు.

ఆ వేళ ఆదివారం. రెండు నెలల కిందట వచ్చేటప్పుడు వరహాలమ్మ మూట కట్టి తెచ్చిన కుంకుడుకాయలు ఇంకా అలాగే ఉన్నాయి. ఉప్మా కోపం చల్లార్చుకోవడానికన్నట్టు ఆవిడ వాటిని కొట్టి, నానబెట్టి, మనవరాలికి తలంటడానికి కూర్చుంది. నూనె జిడ్డు పడితే పాడవుతుందని పిల్ల మెడ పట్టీ తీసి గూట్లో పెట్టింది.

హేమలత తువ్వాలు తీసుకుని వెళ్లేసరికి అత్తగారు చిన్నప్పటి కబుర్లేవో చెబుతూ, చూపంతా జుట్టు మీదే పెట్టి రుద్దుతోంది. తరళ కళ్లు ఎర్రగా మండిపోతున్నాయి. కుంకుడు రసం కనురెప్పల మీదుగా కారుతోంది. చెంపల మీద నీళ్లు ధారలు కట్టాయి. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పిడికిళ్లు బిగించి, ఆ మంటకళ్లతోనే గూటి వంక చూస్తోంది. చిన్న శబ్దమైనా లేదు.

హేమలత అత్తగారి చేతులు పక్కకి తోసి చెంబుడు నీళ్లు ముఖాన కుమ్మరించింది. కళ్లలో పడితే అరవాలని తెలీదా అని కేకలేసింది.

"అరవాల్సింది అది కదమ్మా," అంది తరళ మామూలుగానే. "నాయనమ్మ తీసేసిందిగా."

హేమలత పట్టీ తెచ్చి తడి మెడకి తగిలించింది. తగిలించీ తగిలించకముందే అది "ఆయ్, ఆయ్, కే దొలోర్" అంటూ బిడ్డ గొంతుతో బావురుమంది. దాని ఏడుపు సాగినంతసేపూ తరళ తేరుకున్న ముఖంతో, తన పని ఎవరో అందుకున్నట్టు నిలబడి ఉంది.

పోయిన నెల తరళ పట్టీ బాగుచేతకి ఇచ్చిన రోజు గుర్తొచ్చింది హేమలతకి. ఆ సాయంత్రం అన్నం కలిపిస్తుంటే బిడ్డ చూపుడువేలు గోరు నల్లగా కమిలి ఉంది. తలుపు సందులో పడిందట, పొద్దున. అప్పుడు తను పక్క గదిలోనే బట్టలు మడత పెడుతోంది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక ఆమె తన మెడ పట్టీ తీసి కంచం పక్కన పెట్టింది. జరిగింది చెప్పింది. భాస్కరం నోరు విప్పకముందే అతని పట్టీ "మాద్రే మీయా" అని, అయ్యో అమ్మా అన్నట్టు, పెద్దగా నిట్టూర్చింది.

"నేను మీతో మాట్లాడుతున్నాను," అంది హేమలత.

అతను అరచేత్తో గొంతు మూసుకున్నాడు. మూడు నెలలే కదా అన్నాడు. కాగితం రాకపోతే ఉప్పునీళ్ల కర్మాగారంలో ఉద్యోగం పోతుందని, ఇల్లు ఖాళీ చెయ్యాలని, కాగితం చేతికొచ్చిన మర్నాడే పట్టీలు తీసి పారేద్దామని నచ్చజెప్పాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

వరహాలమ్మ కూడా తన పట్టీ విప్పి కోడలి పట్టీ పక్కన పెట్టింది. కాస్సేపు గొంతు సవరించుకుంది.

"ఉప్మా బాగోలేదు హేమా. ఇప్పుడు నానే అంటన్నాను."

ఎవరూ నవ్వలేదు. తరళ మాత్రం తినడం మాని, తర్వాత ఏ మెడ మాట్లాడుతుందో అని ఒక్కొక్కరి గొంతు వైపూ మార్చి మార్చి చూస్తోంది. హేమలత చెయ్యి చాచి బిడ్డ మెడ మీది పట్టీ కొక్కెం తీసింది.

"రేపు పొద్దున్నే నాలుగూ కార్యాలయంలో ఇచ్చేసి వస్తాను," అంది. "ఏ ఊళ్లో బతకాలో తర్వాత చూసుకుందాం. ముందు దీనికి ఏడవడం నేర్పాలి."