శెట్టిగారి కుడిచేతి కఫ్‌లింక్

ఆదోనిలో విత్తనాల అంగడి మీది మేడగదిలోకి టైలరు యేసేపు రొప్పుతూ వచ్చేసరికి, మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. ప్రైవేటు డిటెక్టివ్ యశోద కుర్చీ చూపింది. ఆయన కూర్చోలేదు.

"సాయంత్రంలోగా కఫ్‌లింక్ తెచ్చియ్యకపోతే పోలీసులకు పట్టిస్తానంటాండాడు శేషగిరి శెట్టి. నలుగురి ముందర దొంగ అన్నాడమ్మా! నలభై ఏండ్లు కత్తెర పట్టినాను. ఒకరి గుండీ గూడా ఎత్తుకోలేదు. రేపట్నుంచి నాకు బట్ట ఎవరిస్తారు?"

అసిస్టెంటు మహేశ్వర్‌కు ప్రాణం ఉసూరుమంది. అతనికి మొదటి మాటకే జాలి, రెండో మాటకే అనుమానం. యశోదకు ఈ రెండూ ఆఖర్న గానీ రావు. అందుకే ఆమె డిటెక్టివ్, తను అసిస్టెంటు అని అతనే ఒప్పుకుంటాడు.

పత్తి వ్యాపారి శేషగిరి శెట్టికి అరవై ఏళ్లు. ఆదోని ఎండలో కూడా సూటు, టై, కోటు జేబులో మూడు కొనలుగా మడిచిన పట్టు రుమాలు ఉండాల్సిందే. ఆయన చొక్కాల చేతులకు గుండీలుండవు, కఫ్‌లింకులే. యశోద, మహేశ్వర్ ఆయన ఇంటికి వెళ్లేసరికి, ఈ రోజు మాత్రం కుడిచేతికి పిన్నీసు పెట్టుకుని ఉన్నాడు. మహేశ్వర్ దాన్నే చూస్తుంటే ఆ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"మా నాయన బొంబాయిలో కొన్న జత అది. నిన్న పొద్దున యేసేపు కొత్త చొక్కా తెచ్చి, తన చేత్తోనే పెట్టినాడు. ఆ తర్వాత ఎమ్మిగనూరు పోయినాను. మగ్గం రుమాళ్లు కొన్నా. మా దోస్తు సుంకన్నకు సంతలో ఎద్దులు ఇప్పించినా. ఇంటికొచ్చి చూస్తే కుడిచేతిది లేదు."

"మధ్యలో కోటు విప్పారా?"

"జనంలో కోటు విప్పే అలవాటు లేదు."

"ఆ చెయ్యి ఇంకెవరైనా పట్టుకున్నారా?"

"యేసేపు తప్ప ఎవరూ ముట్టలేదు."

"ఎద్దుల బేరం మీరే చేశారా?"

శెట్టి ముఖం ముడుచుకుంది. "కుదిరింది. అంతే. బేరం సంగతి బయట చెప్పకూడదు."

శెట్టి భార్య అమృతవల్లి నిన్నటి చొక్కా తెచ్చింది. కుడిచేతి కాజాలో ఆకుపచ్చ పోగొకటి చిక్కుకుని ఉంది. "టైలరు దారమే, మేడమ్!" అని గుసగుసలాడాడు మహేశ్వర్. యశోద దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. లావుగా, మెత్తగా ఉంది. మిగిలిన కఫ్‌లింక్ కూడా అడిగి చూసింది. విచ్చిన పత్తికాయ ఆకారం, వాడిగా నాలుగు కొనలు. కాజా అవతల అడ్డం తిరిగే కడ్డీ పాతబడి వదులైంది.

"సుంకన్నది ఏ ఊరు?"

"హాలహర్వి."

"అయితే అందరం పోదాం. యేసేపు కూడా."

సుంకన్న పశువుల కొట్టంలో, పేడ తొక్కకుండా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు శెట్టి. కొత్త ఎద్దుల్లో ఒకదాని మెడకు ఆకుపచ్చ తువ్వాలు కట్టి ఉంది.

"బేరం కుదిరిన తువ్వాలు ఎద్దు మెడకు కట్టేది మా ఇంటి వాడుక," అంది సుంకన్న భార్య ఉచ్చీరమ్మ. "శుక్రవారం పూజయ్యేదాకా ఇప్పేది లేదు."

యశోద అందరివైపూ తిరిగింది. "దొంగయితే జత విడదీయడు, రెండూ పట్టుకుపోతాడు. కాజాలో దొరికిన పోగు కుట్టుదారం కాదు, తువ్వాలు పోగు. శెట్టిగారూ, సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి చెప్పుకుంటారు. అది బయటపెట్టకూడదన్న అలవాటు మీలో ఎంత పాతుకుపోయిందంటే, చెయ్యి కలిపిన సంగతే లెక్కలోకి రాలేదు. పత్తికాయ కొన తువ్వాలుకు తగులుకుంది. బేరం కుదిరిన సంబరంలో మీరు చెయ్యి లాగేసుకున్నారు. వదులు కడ్డీ తిరిగి కఫ్‌లింక్ ఊడి, తువ్వాల్లోనే ఉండిపోయింది. సుంకన్న చూడకుండా ముడేశాడు."

"నిజం తేలేదానికి ఇప్పితే దేవుడు కోప్పడడులే," అంటూ ఉచ్చీరమ్మ ముడి విప్పింది. మడతలో చిక్కుకుని పత్తికాయ తళుక్కుమంది. యేసేపు రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చేశాడు. గుసగుసలాడిన తన నోటిని మహేశ్వర్ లోలోపల తిట్టుకున్నాడు.

శెట్టి ఆ తువ్వాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి యేసేపు ముందు చాపాడు. చేసిన తప్పుకు గుట్టుగా ఏదో ముట్టజెబుతానంటున్నాడని అందరికీ తెలిసిపోయింది.

యేసేపు తువ్వాలు లాగి పక్కన పెట్టాడు. "దీనికి తువ్వాలు వద్దు శెట్టీ. దొంగ అన్నది అందరూ విన్నారు. ఇది గూడా అందరూ వినాల."

శెట్టి టై సర్దుకోబోయి మానుకున్నాడు. "యేసేపు దొంగ కాదు," అన్నాడు గట్టిగా. గోడ అవతల నుంచి ఇద్దరు ముగ్గురు తొంగిచూశారు. "తప్పు నాది. నన్ను క్షమించు యేసేపూ."

కఫ్‌లింక్ యేసేపు చేతిలో పెట్టి, మణికట్టు ముందుకు చాపాడు. యేసేపు పిన్నీసు తీసి, చొక్కా చేతిని చక్కగా మడిచి, కఫ్‌లింక్ దూర్చి, ఒకసారి లాగి చూశాడు.

"కాజా పెద్దదయింది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "రేపు చొక్కాలన్నీ అంగడికి పంపించు శెట్టీ."