జింక వైపు చూసిన కళ్ళు

ఫోటోను ఎవరూ నమ్మని కాలం అది. ఏ యంత్రమైనా ఏ ఫోటోనైనా పుట్టించగలగడంతో, ముఖ్యమైన సభలను చిత్రకారుడిని ఎదుట కూర్చోబెట్టి గీయించడం మళ్ళీ మొదలైంది. చేత్తో గీసింది అబద్ధం చెప్పదని అందరి నమ్మకం. 2093లో హైదరాబాదు చిత్రశాలలో ‘పొరకన్ను’ ప్రారంభానికీ అలాగే ఒక చిత్రకారుడిని పిలిచారు.

పొరకన్ను పాత చిత్రాన్ని తాకకుండానే చదువుతుంది. టెరాహెర్ట్జ్ తరంగాలను రంగు పొరల్లోకి పంపి, ఏది ముందు పడిందో, ఏది తర్వాత పడిందో గుర్తించి, బొమ్మ పుట్టిన క్రమాన్ని గోడంత వెలుగులో చూపిస్తుంది. ఎప్పుడో పోయిన చేయి మళ్ళీ కుంచె పట్టినట్టుంటుంది.

దాన్ని తయారుచేసిన కుసుమ ఆరువందల ఏళ్ళ నాటి పర్షియన్ పుస్తకంలోని వేట పుటను ఎంచుకుంది. అరచేయంత పుట. బంగారు ఆకాశం, ఊదారంగు కొండలు, గుర్రం మీద విల్లెత్తిన రాజు, పరుగెత్తుతూ వెనుదిరిగిన జింక. కొండల వెనక తొమ్మిదిమంది కొలువువారు ఆశ్చర్యంతో పెదవిపై వేలుంచుకుని రాజునే చూస్తున్నారు.

“మనం ముక్కు మీద ఏలేసుకుంటం, వీళ్ళు మూతి మీద ఏసుకున్నరు,” అని నవ్వింది చిత్రశాల పెద్ద ఖుర్షీద్.

యంత్రం పై పొరను తీసింది. కొలువువారి కళ్ళలోని నల్లచుక్కలన్నీ పక్కకు జరిగాయి. కింది పొరలో అందరూ చూస్తున్నది జింకను.

“ఎవరో దిద్దించారు, ఆపా,” అంది కుసుమ ఖుర్షీద్‌తో. “ఒక్కొక్క చుక్కా వెంట్రుకంత కుంచెతో.”

“రాజు దిక్కు ఎవ్వలు చూస్తలేరని మన బోర్డు చైర్మన్ సాబ్ ముందరే చూపిస్తవా? హాలుకు తన పేరే పెట్టించుకున్న మనిషి బిడ్డా! మిషన్‌ను గోదాంల పడేపిస్తడు. పదకొండేండ్ల నీ కష్టం.”

“చూపించకపోతే ఇంక దీన్ని చేసిందెందుకాపా?”

ప్రారంభం రోజు చైర్మన్ ముందు వరుసలో కూర్చున్నాడు. గోడ మీద మొదట జింక చెవి అంచు మొలిచింది. తర్వాత మెడ వంపు, కంట్లో తడి. చివరికి తొమ్మిదిమంది చూపూ జింక మీదికి తిరిగింది. దీపాలు వెలగగానే చైర్మన్ లేచి వెళ్ళిపోయాడు.

వారానికి ఆయన ఆఫీసు నుంచి, ఆ రోజు చిత్రకారుడు గీసిన సభ చిత్రం వచ్చింది. దానితో ఒక ఉత్తర్వు: సోమవారానికల్లా యంత్రం గోదాముకు చేరాలి. చిత్రంలో జనమంతా చైర్మన్‌నే చూస్తున్నారు. ఆయన ఠీవిగా ఎదురుగా చూస్తున్నాడు.

“నేనూ ఆయన్నే చూస్తున్నానే!” అంది కుసుమ. చిత్రాన్ని యంత్రం కింద పెట్టింది.

పై పొర తొలగింది. కళ్ళన్నీ గోడ మీది జింక వైపు మళ్ళాయి. ఆఖరున చైర్మన్ మారాడు. కుర్చీ అంచుకు జరిగి, నోరు తెరిచి, ముక్కున వేలేసుకుని ఆయనా జింకనే చూస్తున్నాడు.

“యా అల్లా!” అంది ఖుర్షీద్.

సోమవారం యంత్రాన్ని తీసుకెళ్ళే లారీ కంటే ముందు చైర్మన్ వచ్చాడు, ఒంటరిగా. గోడ మీద ఇంకా వెలుగుతున్న తన బొమ్మను చాలాసేపు చూశాడు.

“ముందు ఆ తలుపెయ్యమ్మా,” అన్నాడు మెల్లగా. “తర్వాత ఆ జింకను ఇంకొక్కసారి చూపించు.”