ఐదు ఆంపియర్ల ఆపరేషన్

బేరూత్‌కు ఎదుటి దీవిలో లార్నకా అనే ఊరు. అక్కడ సముద్రం ఒడ్డునున్న హోటల్. గదికి లోపలి గడియ పెట్టే ఉంది. స్నానాల తొట్టిలో ఒక అకౌంటెంట్ శవం. కళ్లజోడు మాత్రం చక్కగా మడిచి సబ్బుపెట్టె మీద పెట్టి ఉంది. హంతకుడెవరో గాని పద్ధతైన మనిషి.

"పోయినవాడు చేసేది ఒకటే పని," అన్నాడు కల్నల్ షదీద్, ఫొటో బల్ల మీదుగా తోస్తూ. "ఇటువైపు దేశాల్లో ఉంటున్న అమెరికన్ పౌరులకి టాక్స్ రిటర్నులు వేయడం. ఆ పాస్‌పోర్టు ఉన్నవాడు భూమ్మీద ఏ మూల బతికినా ఏటా అక్కడ లెక్క చెప్పాల్సిందేగా! వీడు పోయాడు, వీడి లాప్‌టాప్ మాయమైంది. మర్నాటి నుంచి క్లయింట్లకి ఫోన్లు మొదలు. మీవాడు ఏ స్కూలో తెలుసు, మీ డాలర్లు ఏ బ్యాంకులో ఉన్నాయో తెలుసు, పంపుతారా, పిల్లాణ్ణి మరిచిపోతారా అని."

ఈ మాటలు నడుస్తున్నది బేరూత్‌లో, ఒక రొట్టెల బట్టీ వెనక గదిలో. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ బాసిల్ షువేరి. పదకొండేళ్ల సర్వీసు, ముప్పై మారుపేర్లు, ఒక విడాకులు.

"తర్వాతి టార్గెట్ ఎవరు సార్?"

"మదాం ఒదెత్ సలీబా. ఇక్కడే, అష్రఫియే పేటలో మూడో అంతస్తు. ఊళ్లో సగం అమెరికన్ పాస్‌పోర్టుల జాతకాలు ఆవిడ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆ ఫోన్లు చేసే గ్యాంగ్ తరఫున నైలా అనే ఆమె వస్తుంది. గ్యాంగ్ ఆమెను తమ మనిషి అనుకుంటోంది. నిజానికి మన మనిషి."

"అని మనం అనుకుంటున్నాం."

కల్నల్ ఫొటో వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు క్లయింటుగా లోపలికెళ్లు. పేరు వసీం. మీ నాన్న అమెరికాలో చదువుకునే రోజుల్లో మిషిగన్‌లో పుట్టావు, అంటే పుట్టుకతోనే అక్కడి పౌరుడివి. ఏనాడూ రిటర్ను వేయలేదు. పాస్‌వర్డ్ సంపాదించి నైలాకివ్వు. ఆమె అసలు ఫైళ్లు తీసి నకిలీవి పెడుతుంది. వాటిలో మన ట్రాకర్ ఉంటుంది. గ్యాంగ్ ఎక్కడ తెరిస్తే అక్కడ దొరికిపోతుంది."

"నకిలీలు పెట్టిందో లేదో ఎవరు చూస్తారు?"

"నైలా చూసుకుంటుంది."

బాసిల్ మరో ప్రశ్న వేయాల్సింది. వేయలేదు.

మదాం ఒదెత్‌కు అరవై దాటాయి. భర్త పోల్ పోయాక ముందుగదినే ఆఫీసుగా మార్చుకుంది. గొంతు మాత్రం సంతలో గొంతు. బాసిల్ మొదటిసారి తలుపు తోసేసరికి ఆవిడ ఫోన్‌లో ఎవర్నో వాయించేస్తోంది.

"ఒరేయ్ తోనీ! పాస్‌పోర్టు ఫొటో నాకు పంపమంటే మీ చెల్లి పెళ్లి గ్రూపులో పెట్టావేంట్రా? నూటముప్పై మంది చూశారు! బ్యాంకు కాగితం కూడా అందులోనే పడేశావ్! పెళ్లివారికి నీ ఆస్తి లెక్క చెప్తున్నావా? తీసెయ్ ముందు! కాగితాలు తీసుకుని నువ్వే రా. నా కళ్లముందు స్కాన్ చేసి, నీ కళ్లముందే చించేస్తాను." ఫోన్ పెట్టేసి బాసిల్‌ని ఎగాదిగా చూసింది. "నీదేం పాపం నాన్నా?"

బాసిల్ కట్టుకథ చెప్పాడు. ఆవిడ కళ్లలో జాలి నిండింది.

"అయ్యో! పుట్టడమే నీ తప్పయిందా? నీ దగ్గర ఫీజేం తీసుకుంటానులే. కూర్చో, తిన్నావా?"

ఆ ప్రశ్న రోజూ అడిగేది. రెండు నెలలపాటు అతను రోజూ అక్కడే తిన్నాడు. బదులుగా ఆవిడ ప్రింటరు బాగుచేశాడు, అటక మీద పెట్టెలు సర్దాడు. ఆవిడేమో, డబ్బిచ్చే క్లయింట్లను కూర్చోబెట్టి మరీ, పుట్టని వసీం కోసం పాత సంవత్సరాల రిటర్నులు తయారుచేసింది. ఒకరోజు చేతులకు పిండి అంటుకుని ఉండగా వంటింట్లోంచే పాస్‌వర్డ్ చెప్పేసింది. భర్త పేరు, పెళ్లయిన సంవత్సరం.

"మా చెల్లెలికి కూడా చెప్పలేదు తెలుసా!" అని నవ్వింది.

మర్నాడు సముద్రం వెంట సాగే కార్నీష్ రోడ్డు మీద కాఫీ బండి దగ్గర నైలా కలిసింది. ఆమె వస్తే మగవాళ్ల సంభాషణలు సగంలో ఆగిపోతాయి. జెనీవాలో పెరిగిన మాట, ఆలివ్ రంగు పట్టు చొక్కా, చేతిలో లిప్‌స్టిక్. ఆ లిప్‌స్టిక్ మూత తీస్తే లోపల ఉండేది పెన్‌డ్రైవ్.

"దానిమ్మ పండిందా?" అంది.

"పండింది," అని బాసిల్ పాస్‌వర్డ్ చెప్పాడు.

ఆ మధ్యాహ్నం ఒదెత్ వడ్డించిన పళ్లెం అతను ముట్టకుండానే పక్కకు జరిపాడు. ఒంట్లో బాగాలేదేమోనని ఆవిడ సోంపు నీళ్లు కాచి ఇచ్చింది. శత్రువు గూట్లో కూడా అతనికి ఇంత సిగ్గుగా అనిపించలేదు.

జూన్ పద్నాలుగు. విదేశాల్లో ఉన్నవాళ్లకు గడువు మర్నాటితో సరి. ఆఖరి గుంపు వెళ్లిపోయాక, భోజనాల వేళ నైలా కొత్త క్లయింటులా వచ్చింది. ఎండకు ముందుగది రేకు తలుపులు దించి ఉన్నాయి. లోపల ఒకే లైటు, ఏసీ. ఒదెత్ కూరగాయలు తరగడానికి వంటింట్లోకి వెళ్లగానే నైలా లిప్‌స్టిక్‌ను కంప్యూటర్‌కు గుచ్చింది. దాన్లోని ప్రోగ్రాంతో ఫైళ్లన్నీ ఒకే కట్టగా ఇంటర్నెట్ మీదుగా గ్యాంగ్‌కు ఎగుమతి కావడం మొదలైంది. కట్ట మొత్తం అవతలికి చేరితేనే తెరుచుకుంటుంది.

బాసిల్ తెర మీద పేర్లు చూశాడు. నకిలీ పేర్లని అతనికి ముందే చూపించారు. ఇవి అవి కావు. తోనీ పేరుంది. పోయినవారం ఇదే కుర్చీలో కూర్చుని, మనవరాలి ఫొటో చూపించి మురిసిపోయిన ముసలాయన పేరుంది. మనవరాలి స్కూలు కూడా ఉంది.

"ఇవి అసలువి," అన్నాడు మెల్లగా.

"అవును."

"నువ్వు మన మనిషివి కదా?"

"నువ్వు వసీంవి కదా?" అంది నైలా. హ్యాండ్‌బ్యాగ్ కిందనుంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ మూతి కనిపించింది. "చేతులు బల్ల మీద పెట్టు. కేబుల్ వైపు కదిలావో, ముందు వంటింట్లో ఉన్నావిడ. తర్వాత నువ్వు."

తెర మీద ఎగుమతి అరవై శాతం. బాసిల్ చేతికున్న గడియారం డిపార్ట్‌మెంట్ ఇచ్చింది. దాన్లో కెమెరా ఉంది, దిక్సూచి ఉంది, విషానికి విరుగుడు ఉంది. ఇంటర్నెట్ ఆపే మార్గం మాత్రం లేదు. ఈ తాళం చెవి చేతికిచ్చింది తనే. ఆ ముసలాయన మనవరాలికి ఏమైనా అయితే ట్రిగ్గర్ నొక్కింది తనే అవుతాడు. పైన ఏసీ గురగురమంటోంది. ప్రభుత్వం కరెంటు పొద్దుటే పోయింది. ఇంట్లో నడుస్తున్నది వీధి జెనరేటర్ కరెంటు, ఐదంటే ఐదు ఆంపియర్లు, అందులో చాలావరకు ఏసీకే పోతుంది.

బాసిల్ గొంతు పెంచాడు. "మదాం! ఈ అమ్మాయి పొద్దున్నుంచీ ఏమీ తినలేదట!"

నైలా కళ్లు చిట్లించింది. కాని అందులో మోసమేమీ ఆమెకు కనబడలేదు. వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది.

"ఏమిటీ! మరి చెప్పవేం అమ్మా? గ్యాస్ అయిపోయిందే ఇవాళ! పొద్దున చేసిన మాంసం కిబ్బే చల్లగా ఉంది!"

"వద్దండీ, మీకు శ్రమ," అంది నైలా మర్యాదగా. జెనీవాలో ఆ మాటతో వ్యవహారం ముగుస్తుంది. అష్రఫియేలో అక్కణ్ణుంచే మొదలవుతుంది.

"శ్రమేంటి శ్రమ! ఇంటికొచ్చిన పిల్లకి చల్లటి కిబ్బే పెట్టానంటే పోల్ పైనుంచి నా మొహాన ఉమ్మేస్తాడు! కరెంటు అవెన్‌లో పెడతాను."

"నాకు నిజంగా ఆకలి లేదండీ."

"అందరూ అదే అంటారు!"

ఎనభై ఎనిమిది. "ఏసీ ఆపమంటావా వసీం? అవెన్ పెడితే జెనరేటర్ ఓర్చుకోదే," అని వంటింట్లోంచి కేక.

నైలా ఒక్క క్షణం ఆలోచనలో పడింది. జెనరేటర్ గురించి ఆమెకు తెలియదు. బాసిల్ ఆమెకు ఆలోచించే టైమివ్వలేదు.

"ఎండలో వచ్చిన పిల్ల మదాం! చెమటలు కక్కుతోంది!"

"నిజమే, పాపం!" తొంభై ఆరు. తొంభై ఏడు. వంటింట్లో ప్లగ్గు పెట్టిన చప్పుడు. తొంభై తొమ్మిది.

మెట్ల దగ్గర బ్రేకర్ టప్పుమంది. లైటు, ఏసీ, కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టె అన్నీ ఒక్కసారే చచ్చాయి. ఆ చీకట్లో బాసిల్ బల్లను పూర్తి బలంతో నైలా మీదికి తోశాడు. పిస్టల్ తుస్సుమంది, పైకప్పు పెచ్చులు రాలాయి. రెండో గుండుకు ముందే ఆమె మణికట్టు అతని గుప్పిట్లో ఉంది. ప్రింటర్ వైరుతో చేతులు కట్టేశాడు.

ఒదెత్ ఫోన్ లైటు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేల మీద పిస్టల్, వైర్లతో కట్టిన అందగత్తె, రొప్పుతూ వసీం.

"నువ్వు పోలీసువా?" అంది.

"అలాంటిదే మదాం."

గంట తర్వాత కల్నల్ మనుషులు నైలాను రొట్టెల వ్యాన్‌లో ఎక్కించుకుపోయారు. గ్యాంగ్‌కు చేరిన కట్ట తెరుచుకోలేదు. నైలా ఫోన్‌లో లార్నకా హంతకుడి నంబరు దొరికింది. కల్నల్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు బాసిల్‌కు చెంపదెబ్బలా తగిలింది.

ఫైళ్ల సంగతి విన్న ఒదెత్ పెచ్చులు ఊడుస్తోంది. "అంతా నా తప్పే వసీం. నోరు ఊరుకోదు నాకు. పాస్‌వర్డ్ ఎక్కడో ఎవరి ముందో వాగుంటాను. నన్ను నమ్ముకున్నవాళ్లందరినీ ముంచేసేదాన్ని."

బాసిల్ ఊరుకుంటే సరిపోయేది. డిపార్ట్‌మెంట్ కోరేదీ అదే.

ఆవిడ చీపురు పక్కన పెట్టి, వసీం ఫైలు తీసి అతని ముందు పరిచింది. "పోలీసువైతేనేం, రేపటితో గడువు. అన్నీ సిద్ధం చేశాను. ఇదిగో, ఇక్కడ ఒక్క సంతకం. ఇన్నేళ్లు జరిగిందంతా తెలియక జరిగింది, బుద్ధిపూర్వకంగా చేసింది కాదు అని ప్రమాణం. ఇది చాలా ముఖ్యం. అబద్ధమైతే జైలే."

బాసిల్ పెన్ను పట్టుకున్నాడు. ముప్పై పేర్లతో సంతకాలు చేసినవాడు దానికి మూత పెట్టేశాడు.

"ఇది నేను పెట్టలేను మదాం."

"ఎందుకని?"

"తెలిసే చేశాను. పాస్‌వర్డ్ ఆమెకిచ్చింది నేనే. మీరు వాగలేదు, నాకొక్కడికే చెప్పారు. మిషిగన్ కూడా అబద్ధం."

ఆవిడ ఫైలు తనవైపు లాక్కుని కుర్చీలో కూర్చుంది. తిట్టలేదు, తిడితే బాగుండేది. తర్వాత ఆ ఫైలులో కాగితాలన్నీ, తన రెండు నెలల చాకిరీని, ఒక్కొక్కటే అతని కళ్లముందే చించింది.

"తెలిసి చేసినవాళ్లకి కూడా దారుంది," అంది చివరికి. "కాకపోతే చాలా కష్టం, చాలా ఏళ్లు పడుతుంది. ఆ దారిలో మొదట రాయాల్సింది అసలు పేరు. నీ పేరేంటి?"

"బాసిల్," అన్నాడతను.

మొత్తానికి ఆ రోజు ఆ ఆఫీసు నుంచి లీకైన రహస్యం అదొక్కటే.