ఆకుపచ్చ గేటు కూత

"ఈ ఇళ్లు, ఈ చెట్లు, అన్నీ రైల్వే కార్మికులు డ్యూటీ దిగాక సొంత చేతులతో కట్టుకున్నవి, నాటుకున్నవి," అంది గైడమ్మాయి, గొడుగు పైకెత్తి. "అప్పట్లో ప్రతి రైలు డ్రైవరుకీ ఒక సొంత కూత. మలుపు దగ్గర అది వినగానే, మొగుడు వస్తున్నాడని ఆ ఇంటావిడ పొయ్యి వెలిగించేది. ఈ ఆకుపచ్చ గేటు ఇంటాయనది రెండు పొట్టి, ఒక పొడుగు. ఇప్పటి డ్రైవర్లకి అంత సరసం ఎక్కడిది!"

"ఎందుకు లేదండీ? నేనూ డ్రైవర్నే," అన్నాడు వెనకనుంచి ఒకడు. సెలవు రోజున టూర్‌కి వచ్చి, చెట్లకంటే గైడునే ఎక్కువ చూసిన కుర్రాడు.

"మాటలు కోటలు దాటతాయి లెండి!"

అందరూ నవ్వారు. అతనికి పౌరుషం వచ్చింది.

మర్నాడు సాయంత్రం వానలో, మలుపు దగ్గర రైలు కూసింది. రెండు పొట్టి, ఒక పొడుగు.

ఆ గేటు వెనక ఉండేది గైడమ్మాయీ, ఆమె నాయనమ్మా అని పాపం అతనికి తెలియదు. పోయిన మొగుడి కూత విని, ముసలావిడ పొయ్యి వెలిగించి గేటు దాకా పరిగెత్తింది. తడుస్తూ అక్కడే నిలబడిపోయింది.

తర్వాతి టూర్‌కి అతను హుషారుగా వచ్చాడు.

"విన్నారా?"

"విన్నాం. అది మా తాతయ్య కూత. మా నాయనమ్మ వానలో నిలబడి ఏడ్చింది. మీకు ఆటలా?"

అతను నచ్చాడు కాబట్టే ఆమెకి అంత కోపం.

అతని మొహం పాలిపోయింది. సరాసరి వెళ్లి ఆకుపచ్చ గేటు తీశాడు. టూర్‌వాళ్లని చెట్టుకింద వదిలేసి, వెనకే ఆమె.

"తప్పయిపోయింది మామ్మగారూ. ఇంకెప్పుడూ కూయను."

నాయనమ్మ ఎగాదిగా చూసింది.

"ఏడ్చిన మాట నిజమే నాయనా. ఇన్నాళ్లకి ఒకరి కోసం పొయ్యి వెలిగించానని సంతోషమూ పడ్డాను. కానీ అది ఆయన సొత్తు. మా పిల్ల కోసం కూయాలంటే, నీ కూత నువ్వు చూసుకో."

"నాయనమ్మా!" అంది మనవరాలు, చెవులదాకా ఎర్రబడి. కాదని మాత్రం అనలేదు.

మరో వారం గడిచింది. ఆమె గొడుగెత్తి చెట్ల గురించి చెబుతుంటే మలుపు దగ్గర కొత్త కూత వినిపించింది. ఒక పొడుగు, ఒక పొట్టి, మళ్లీ పొడుగు.

ఆమె చెట్టు సంగతి వదిలేసి మలుపు వైపు తిరిగింది.

"ఇది ఎవరింటికండీ?" అడిగింది టూర్‌కి వచ్చిన ఒకావిడ.

జవాబు ఆకుపచ్చ గేటు ఇంటి కిటికీలోంచి వచ్చింది.

"ఒసేయ్, నేను వెలిగించను! నీకొచ్చిన కూత, నువ్వే వచ్చి వెలిగించుకో!"

ఆమె గొడుగు ఆ అడిగినావిడ చేతిలో పెట్టి ఇంట్లోకి పరిగెత్తింది.