ఇరవై ఏడు లీటర్ల తొట్టి

"ఇందులో చేపల్ని పెంచాలా, మొసలిని పెంచాలా?"

అద్దాల కొట్టు గుమ్మంలోనే నిలబడి అడిగిందామె. కొత్తగా అక్వేరియం షాపు పెట్టుకుంటున్న పిల్ల. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా, ఇరవై ఏడు లీటర్లు పట్టే గాజు తొట్టి చేయమంది. అద్దాలబ్బాయి ఒక్కో వైపు తొంభై సెంటీమీటర్లతో ఏకంగా గదే కట్టాడు.

"ఘనమూలం కదండీ, ఇరవై ఏడుని మూడుతో భాగించాను. తొమ్మిది వచ్చింది. తొమ్మిది పదులు తొంభై."

"భాగించడం కాదు మహానుభావా! ఏ అంకెని మూడుసార్లు వేసి గుణిస్తే ఇరవై ఏడు వస్తుందో అదీ ఘనమూలం. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. లీటరంటే వైపుకి పది సెంటీమీటర్ల డబ్బా. మూడు పదులు ముప్ఫై!"

అతను బుద్ధిగా తలూపాడు. మరీ బుద్ధిగా ఊపాడని ఆమెకు అనుమానం. అసలే ఆమె, పాలవాడు పాలు పోస్తుంటే నీళ్ళెన్ని కలిపావని అడిగే రకం.

రెండోసారి వచ్చేసరికి తొట్టి యాభై రెండు సెంటీమీటర్లుంది.

"ఈసారి వర్గమూలం తీసినట్టున్నానండీ," అంటూ తల గోక్కున్నాడు.

"వర్గమూలం నేలకి. నీళ్ళకి లోతు కూడా ఉంటుందయ్యా, ఘనమూలం తీయాలి!"

మళ్ళీ మొదటి నుంచి నేర్పింది. ఈలోగా వాన పట్టుకుంది. అతను స్టూలు తుడిచి వేశాడు. చూసీ చూడనట్టు చూశాడు. అదీ అనుమానమే! పక్క వీధి చేపల షాపువాళ్ళు తన షాపు ఓపెనింగ్ చెడగొట్టమని ఇతనికి చెప్పలేదు కదా? శుక్రవారానికి తొట్టి లేకపోతే తన చేపలు బకెట్లోనే ప్రాణాలు వదులుతాయి.

గురువారం చెప్పకుండా వచ్చింది. లోపల అతను ఎవరో పెద్దాయనతో, "నూట ఇరవై ఐదు లీటర్లా? ఒక్కో వైపు యాభై సెంటీమీటర్లు బాబాయ్," అంటున్నాడు. ఎక్కడా తడుముకోలేదు.

ఆమెకు ఒళ్ళు మండింది. పెద్దాయన వెళ్ళగానే అందుకుంది.

"దొంగ! నీకంతా వచ్చు. ఎవరు చేయిస్తున్నారు నీతో?"

"ఒట్టు, ఎవరూ కాదండీ. మొదటిసారి నిజంగానే రాదు. మీరు చెప్పిన రోజే వచ్చేసింది."

"మరి రెండోసారి?"

అతను నేల చూపులు చూశాడు. "సరిగ్గా చేసిస్తే తీసుకెళ్ళిపోతారు కదా. మళ్ళీ ఎందుకొస్తారు?"

గోడవారన ఉన్న దుప్పటి తీశాడు. కింద చిన్న తొట్టి. "మీ చేపలకి ఇబ్బంది రాకూడదని ఇదీ అప్పుడే చేసి ఉంచాను."

ఆమె నమ్ముతుందా! టేపు లాక్కుని కొలిచింది. మూడు వైపులా ముప్ఫై. కోపం పోలేదు గానీ, దాన్ని తోసుకుని సంతోషం వచ్చేసింది.

"రేపు ఓపెనింగ్‌కి రండి. మా నాన్న ఉంటారు. ఆయన నాకంటే అనుమానం మనిషి."

"ఆయనకేం చెప్పమంటారు?"

"ఇప్పుడు నాకు చెప్పిందే," అంటూ ఆమె నవ్వు దాచుకుంది. "కాకపోతే ఆయన దగ్గర మొదటిసారే సరిగ్గా చెప్పండి."