దప్పిక పద్యం

శుక్రవారం రాత్రి ఎనిమిదీ ఇరవైకి సోమందేపల్లెలో హైవే పక్కన కుళ్ళాయప్ప ఒక నిమ్మసోడా కొని బైకు సంచిలో పెట్టుకున్నాడు. సోడా తనకు కాదు. లింగన్నకు.

అక్కడి నుంచి ఆ రాత్రి నాటకం ఉన్న పల్లెకు రెండు దారులు. తారురోడ్డు చుట్టు. అడ్డదారి మట్టిబాట, అది పిలుపుల బావి అంచునే పోతుంది. బోర్లు వచ్చాక ఎండిపోయిన బావి అది. గట్టు ఎప్పుడో కూలిపోయింది. నలభై అడుగుల లోతు, అడుగున ఇసుక. చీకటి పడితే అది మనిషిని పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికినవాడు ఇల్లు చేరడనీ చుట్టుపక్కల చెప్పుకుంటారు. అలా ఇల్లు చేరనివాడి పేరు మాత్రం నేను అడిగినవాళ్ళెవరూ చెప్పలేకపోయారు.

ఈ కథంతా నాకు చెప్పింది వీరేష్. కుళ్ళాయప్ప అక్క కొడుకు. ఆ రాత్రి బైకు నడిపింది అతనే.

కుళ్ళాయప్పకు పగలు వెల్డింగ్ పని, రాత్రి నాటకాలు. లింగన్న రాజు వేషం కడుతున్నాడంటే ఎంత దూరమైనా పోతాడు. రాజు అడవిలో దారి తప్పి, గుక్కెడు నీళ్ళ కోసం పాడే పద్యం ఒకటుంది. జనం దాన్ని దప్పిక పద్యం అంటారు. అది ముగియగానే కుళ్ళాయప్ప లేచి “ఒన్స్ మోర్!” అని అరవాలి. లింగన్న మళ్ళీ పాడాలి. ఆ తర్వాత కుళ్ళాయప్ప స్టేజీ ఎక్కి, సోడా కొట్టి, తన చేత్తో రాజుకు తాగించాలి. ఏళ్ళ తరబడి సాగి ఇది నాటకంలో భాగమైపోయింది. అతని ఫోను నిండా ఆ పద్యమే. ఏ ఊళ్ళో పాడిందో వినగానే చెప్పేవాడు.

ఆలస్యమైందని అడ్డదారి పట్టారు. జేబులో ఫోను పాడుతూనే ఉంది. బావి దగ్గర బాట గుంతలు పడి ఉంటే, వీరేష్ ఇంజిన్ ఆపి బైకును నెట్టాడు. కుళ్ళాయప్ప పక్కనే నడిచాడు. ఫోనులో పద్యం అయిపోయింది.

అప్పుడు—

“కుళ్ళాయప్పన్నా...”

కింద నుంచి. సన్నగా.

“మామా...” అన్నాడు వీరేష్.

“పలకొద్దురా.”

మళ్ళీ అదే పేరు. తర్వాత ఏమీ లేదు. కాసేపటికి బావిలో నుంచి పద్యం మొదలైంది. దప్పిక పద్యం. హార్మోనియం లేదు, తబలా లేదు. ఒట్టి గొంతు.

“లింగన్న గొంతు మామా!”

“లింగన్న ఇప్పుడు మొగానికి రంగేసుకుంటాండాడు. వానికి ఈడేం పని?” కుళ్ళాయప్ప మేనల్లుడి చేయి గట్టిగా పట్టుకున్నాడు. “ఉండు. ఇను.”

భయపడిన మనిషే. అయినా తల వంచి, కళ్ళు మూసుకుని విన్నాడట. పద్యం మెట్టు మెట్టుగా పైకి పోయింది. రాగం తీసే చోట, పైస్థాయిలో — తెగింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే తెగింది.

“చూస్తివా?” కుళ్ళాయప్ప కళ్ళు తెరిచాడు. “లింగన్నకు ఆడ తెగదు. జరమొచ్చినా తెగదు. ఇది వాని గొంతు ఎత్తుకోనొచ్చిన దెయ్యంరా.”

“నీళ్ళు అంటాండాది మామా...”

“పద్యంలోనే ఉండాయి గదరా నీళ్ళు! బండి తీయ్!”

ఇంజిన్ చప్పుడు మింగేదాకా పిలుపు వెంట వస్తూనే ఉందని వీరేష్ చెప్పాడు.

స్టేజీ దగ్గర లింగన్న లేడు.

“ఫోను స్విచాఫ్,” అన్నాడు హార్మోనియం వాయించే కేశవ. “కర్ణాటక దిక్కు ఎవడో ఎక్కువ దుడ్లు చూపించింటాడు.”

జనం తిట్టారు. అందరికంటే గట్టిగా తిట్టింది కుళ్ళాయప్ప. “ఇన్నేండ్లు నా చేత్తో సోడా తాపినా గదన్నా! ఇశ్వాసం లేని నాకొడుకు.” సంచిలోని సోడా తానే కొట్టుకుని తాగాడు.

రాజు లేని నాటకానికి జనం లేచిపోతున్నారు. వాళ్ళను కూర్చోబెట్టడానికి కేశవ మైకు తెచ్చి కుళ్ళాయప్ప చేతికిచ్చాడు.

“ఏందో బావి కత అంటాంటివే... చెప్పన్నా, అంతలో ఇంకోనికి వేషం కడతాం.”

కుళ్ళాయప్ప చెప్పాడు. బాగా చెప్పాడట. దెయ్యం పాడినట్టే పాడి, అది తెగిన చోట తన గొంతూ తెంచి చూపించాడు. ఈలలు పడ్డాయి. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. వెనక నుంచి ఎవరో అరిచారు — “ఒన్స్ మోర్!”

మళ్ళీ చెప్పాడు.

ఆ మరుసటి రోజు నుంచి పగటిపూట కూడా ఆ బాటన ఎవరూ నడవలేదు. గొర్రెల కాపరులు మందల్ని గుట్ట అవతలికి మళ్ళించారు. ఏప్రిల్ నెల.

మంగళవారం తిప్పేష్ అనే కాపరి మేకపిల్ల తప్పిపోతే, వెతుక్కుంటూ వచ్చి బావిలోకి తొంగి చూశాడు. ఇసుకలో రంగుల పెట్టె, అట్ట కిరీటం, పగిలిన ఫోను కనిపించాయి. వాటి పక్కన లింగన్న. శుక్రవారం మునిమాపున బస్సు దిగి, నాటకానికి వేళవుతోందని అడ్డదారిన నడిచాడు.

బుధవారం పెనుకొండ ఆస్పత్రి బయట కుళ్ళాయప్ప, వీరేష్ వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. కానిస్టేబుల్ పోస్టుమార్టం గది నుంచి బయటికొచ్చి, ఎడమవైపు మూడు పక్కటెముకలు విరిగాయని చెప్పాడు. ఊపిరి నిండా పీల్చడం కూడా కుదిరుండదన్నాడు.

కుళ్ళాయప్ప ఒక్కటే అడిగాడు.

“శుక్రవారం రాత్రే పోయింటాడు గదా సార్? మేం పోయినంక... వెంటనే?”

“లేదప్పా,” అన్నాడు కానిస్టేబుల్. “దెబ్బలకు పోలేదు. నీళ్ళు లేక పోయినాడు. సోమవారం తెల్లారి.”